మూడు నీళ్లు కడిగిన ఉప్పు

మా అక్క ఎవరినీ నమ్మదు. చాడీ చెప్పడం లేదు, ఆమె ఉద్యోగమే అది. నీటి సరఫరా ఆఫీసువాళ్లు ముప్పై ఒక్క ఏళ్లు ఆమెకు జీతం ఇచ్చింది నీళ్లను అనుమానించినందుకే. రోజూ పొద్దున్నే భుజానికి చెక్కపెట్టె తగిలించుకుని ఊళ్లో నలభై కుళాయిల దగ్గరికి నడిచేది. సీసాలో నీళ్లు పట్టి, గాజు గొట్టంలో పోసి, మందు చుక్క వేసి చూసేది. పసుపు రంగు తేలితే నీళ్లలో క్లోరిన్ ఉన్నట్టు. తేలకపోతే లేనట్టు. అలా తేలని రోజున పక్క కొట్లోంచి పంపుహౌస్‌కు ఫోన్ చేసి ఆమె వేసే కేకలు వీధంతా వినేది.

ఆ పనిలో ఒక నియమం ఉంది. నమూనా పట్టే ముందు సీసాను అదే కుళాయి నీళ్లతో మూడుసార్లు తొలవాలి. లేకపోతే పాత సీసాలోని మురికిని కొత్త నీళ్లకు అంటగట్టినట్టవుతుంది. చేరిన మొదటి వారంలో ఎవరో పెద్దాయన ఈ సంగతి చెప్పాడట. అక్క దాన్ని ఒంటబట్టించుకుంది. సీసాలతో ఆగలేదు. గ్లాసులు, గరిటెలు, బియ్యం, ఆకుకూరలు, చివరికి కొత్తగా కొన్న చెప్పులు కూడా ఆమె చేతిలో మూడు నీళ్లు చూడాల్సిందే. ఆఫీసులో వెనకాల ఆమెను 'మూడు నీళ్ల అక్క' అనేవాళ్లు. ముందర కూడా అనేవాళ్లు. ఆమె అదేదో బిరుదనుకునేది.

నేను ఆమె చెల్లెల్ని. దర్జీ పని చేస్తాను. వాళ్ల వీధి మలుపులోనే నా కొట్టు. నాకు పెళ్లీ పెటాకులూ లేవు గనక మధ్యాహ్నం భోజనం అక్క ఇంట్లోనే. బావ పోయి పన్నెండేళ్లయింది. ఉన్నది ఒకతే కూతురు. చిన్నప్పుడు కంచంలో మెతుకులు ఏరుకుని తినేది గనక దానికి 'పిట్ట' అని పేరు పడిపోయింది. ఇప్పుడు కళ్లద్దాల దుకాణంలో పని చేస్తున్నా పిట్టే. అల్లుడు బస్సు నడుపుతాడు. వాళ్లు మేడ మీద, అక్క కింద.

రెండేళ్ల కిందట పిట్టకు ఐదో నెలలో కడుపు పోయింది. ఆస్పత్రిలో ఏవో పరీక్షలు చేసి, కొందరికి ఇలా జరుగుతుందమ్మా, ప్రత్యేకంగా కారణం కనపడలేదు అన్నారు. వాళ్లు చేసిన పొరపాటు అదే. కారణం కనపడలేదన్న మాట మా అక్క ముందు అనకూడదు. ఆమెకు అర్థమైంది ఒకటే, వీళ్లు సరిగ్గా వెతకలేదని. ఏడుపు ఒక వారంలో ముగించి, వెతకడం మొదలుపెట్టింది.

మొదట దొరికినవాడు వీధి చివరి బేకరీవాడు. వాడి బ్రెడ్డు అంత ఎత్తు ఎందుకు పొంగుతోంది, మూడు రోజులున్నా దూదిలా ఎందుకుంటోంది అని అక్క అడిగింది. పిండి, ఈస్టు, ఉప్పు, ఇంకేం లేవన్నాడు వాడు. ఆ మూడూ తన ఇంట్లోనూ ఉన్నాయని, అవి ఇలా పొంగవని చెప్పి వచ్చేసింది. తర్వాత పదకొండు రోజులు, పిండి బస్తాలు దిగే వేళకు బేకరీ వెనక సందులో నిలబడింది. మోకాళ్ల నొప్పుల మనిషి, సందులో కూర్చోవడానికి రాయి కూడా లేదు. పన్నెండో రోజున చెత్తడబ్బాలో చిరిగిన సంచి ఒకటి దొరికింది. దాని మీద పొటాషియం బ్రోమేట్ అని ఉంది.

అది పిండిని పొంగించే మందు. మా దగ్గర తిండిలో కలపకూడదని నిషేధం ఉంది. అక్క ఆహార తనిఖీ ఆఫీసుకు మూడుసార్లు అర్జీ పెట్టింది. మొదటి రెండుసార్లూ నవ్వి పంపించారు, మూడోసారి వచ్చి చూశారు. మందు దొరికింది. బేకరీ నెల రోజులు మూతపడి, 'ఏ మందులూ కలపము' అన్న బోర్డుతో మళ్లీ తెరుచుకుంది. ఆ మందు లోపలికి పోయి గొంతు దగ్గర ఉండే థైరాయిడ్ గ్రంథిని పాడు చేస్తుందని అక్క ఎక్కడో చదివింది. ఎంత తింటే పాడు చేస్తుందో ఆ చదివిన దాంట్లో లేదు. మేమూ అడగలేదు. వీధంతా అక్కను మెచ్చుకుంది. నేనూ మెచ్చుకున్నాను. అనుమానం పెనుభూతం అంటారు గానీ, ఆ భూతం ఒక్కసారి నిజమైతే ఇక దాన్ని పట్టేవాళ్లుండరు.

అప్పటినుంచి మా భోజనంలోంచి ఒక్కొక్కటీ లేచి వెళ్లిపోవడం మొదలైంది. బ్రెడ్డు సరే సరి. ప్యాకెట్ పాలు చిక్కగా ఉన్నాయంటే పిండి కలిపి ఉంటారంది, పలచగా ఉన్నాయంటే నీళ్లంది. చేపల మీద చల్లే ఐసులో ఏముందో అని చేపలు మానేసింది. గుడ్లలో పచ్చసొన మరీ పచ్చగా ఉందని గుడ్లు మానేసింది. తాగే నీళ్లు వెడల్పు గిన్నెలో పోసి పూటంతా మూత తీసి ఉంచేది, క్లోరిన్ వాసన పోవడానికి. కుళాయి దాకా మందు ఉండాలి, నోటి దాకా రాకూడదు అనేది. ఆ మాట ఎంత తెలివిగా ఉందో అని నా కొట్టుకు వచ్చినవాళ్లకు కూడా చెప్పాను.

ఆఖరున ఉప్పు వంతు వచ్చింది. ఆరోగ్య కేంద్రం నుంచి ఒకావిడ ఇల్లిల్లూ తిరుగుతూ వచ్చింది. చేతిలో వేలెడంత సీసా. గుప్పెడు ఉప్పు తెమ్మని, దాని మీద ఒక చుక్క వేసింది. ఉప్పు నీలంగా మారింది. "మంచి ఉప్పేనమ్మా, అయొడిన్ ఉంది" అని రాసుకుంది. అక్క ఆవిణ్ని కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఆ సీసా ఒకటి అడిగి పుచ్చుకుంది. ఆవిడ గుమ్మం దాటగానే ఉప్పు ప్యాకెట్ వెనక సన్నటి అక్షరాలు భూతద్దం పెట్టి చదివింది. పొటాషియం అయొడేట్ అని ఉంది.

"చూశావా, దీనికీ దానికీ ఇంటిపేరు ఒకటే" అంది నాతో.

అయొడిన్ మంచిదంటారు కదక్కా అన్నాను. సముద్రంలో, చేపలో ఉండే అయొడిన్ మంచిదే, ఫ్యాక్టరీలో పొటాషియంతో కలిపి చల్లేది ఇంకొకటి అంది. మరి ఆవిడ మంచి ఉప్పంది కదా అంటే, బేకరీవాడు కూడా మంచి బ్రెడ్డే అన్నాడు కదా అంది. నిజం చెప్పాలంటే ఆ మాటకు జవాబు వెతకాలని కూడా నాకు అనిపించలేదు. బ్రెడ్డు విషయంలో గెలిచిన మనిషి. నేను గుండీలు కుట్టుకునేదాన్ని.

పొడి ఉప్పు కడిగితే కరిగిపోతుందని, ఆ రోజు నుంచి అదే అయొడిన్ ముద్ర ఉన్న ప్యాకెట్‌లో రాళ్ల ఉప్పు తెప్పించి మూడు నీళ్లు కడిగేది. చిల్లుల గిన్నెలో పోసి గబగబా ఒకసారి, మళ్లీ ఒకసారి, మళ్లీ ఒకసారి. కిలో ఉప్పులో పావు కిలో తూములోకే పోయేది. మిగిలింది పళ్లెంలో పరిచి ఎండబెట్టేది. ఎండాక కొంచెం తీసి, సీసాలోంచి చుక్క వేసేది. నీలం తేలితే మళ్లీ కడిగేది. తేలకపోతే జాడీలోకి ఎత్తేది. ఆ తెల్లటి ఉప్పు చూసుకుని ఆమె ముఖంలో కనిపించే తృప్తి నాకిప్పటికీ గుర్తుంది. దాదాపు ఏడాది మేం ముగ్గురం ఆ ఉప్పే తిన్నాం. అల్లుడు మాత్రం రెండు పూటలా డిపో క్యాంటీన్‌లో తినేవాడు. ఆ క్యాంటీన్ తిండి తిని ఏమైపోతాడోనని మేం వాడి మీద జాలిపడేవాళ్లం.

పిట్ట మళ్లీ నెల తప్పింది. మూడో నెల దాటాక, దుకాణంలో వేసుకునే కోటు బిగుతైందని నా దగ్గరికి వచ్చింది. నడుము కొలిచాను, ఛాతీ కొలిచాను, కాలరు కోసం మెడ కొలిచాను. పదమూడున్నర వచ్చింది. నా కొలతల పుస్తకంలో పిట్ట మెడ పన్నెండుంపావు. పెళ్లినాటి నుంచి అదే. టేపు జారిందేమోనని మళ్లీ కొలిచాను. నడుము పెరుగుతుంది, చేతులు లావవుతాయి. మెడ అంత త్వరగా మారదు. అద్దం ముందు నిలబెట్టి గడ్డమెత్తి గుటక మింగమన్నాను. గొంతు కింద, ఎముకలకు కాస్త పైన, ఏదో మెత్తగా లేచి దిగింది.

ఇటీవల బాగా నీరసంగా ఉంటోందా అని అడిగాను. దుకాణంలో నిలబడే నిద్రపోతున్నానని, కడుపుతో ఉంటే అంతేనట కదా అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆస్పత్రిలో లోపలికి పిట్టతో ఒక్కరినే రానిస్తామన్నారు. నేనే వెళ్లాను, ఎందుకంటే ఆ సమయానికి అక్క వరండాలో మంచినీళ్ల ఫిల్టర్ వెనక్కి తొంగిచూస్తూ ఆయాతో వాదిస్తోంది. డాక్టరమ్మ పిట్ట గొంతు తడిమింది. రక్తం రిపోర్టు చూసింది. గ్రంథి సరిగ్గా పని చేయడం లేదు, దానికి అయొడిన్ చాలక ఉబ్బిందేమో అంది. ఇంకొక మాట కూడా చెప్పింది. ఈ నెలల్లో బిడ్డకు సొంత గ్రంథి ఇంకా పని మొదలుపెట్టదు, తల్లి దగ్గర్నుంచి వచ్చేదే ఆధారం, అది చాలకపోతే బిడ్డ మెదడు మీద, వినికిడి మీద పడొచ్చు అంది. పిట్ట రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని వింది.

ఏ ఉప్పు వాడతారని అడిగింది డాక్టరమ్మ. ప్యాకెట్ ఉప్పే, అయొడిన్ ముద్ర ఉన్నదే అంది పిట్ట. అబద్ధం కాదు. కడిగి వాడతామని చెప్పాలని నా నోటిదాకా వచ్చింది. మా ఇంటి శుభ్రం గురించి గొప్పలు చెప్పినట్టుంటుందని ఊరుకున్నాను. ఆమె అప్పటికే తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయింది. తిలాపాపం తలా పిడికెడు అంటారు. నా పిడికెడు అది.

ఒక మాత్ర రాసి, మూత్ర పరీక్షకు పంపింది. ఫలితం రావడానికి ఎనిమిది రోజులు పడుతుందంది. ఉప్పు సరైనదే అయితే ఇంకేదైనా అడ్డుపడుతుందేమో చూద్దాం, కొన్నిచోట్ల నీళ్లలోని పదార్థాల వల్ల కూడా కావొచ్చు అని చివర్లో ఒక మాట జారవిడిచింది. వరండాలోకి వచ్చి నేను అక్కకు అంతా చెప్పాను. ఆమె విన్నది చివరి మాట ఒక్కటే.

"నీళ్లు" అంది. "నాకు తెలుసు."

తెలియడానికి ఆమెకో ఆధారం కూడా ఉంది. తను పదవీ విరమణ చేశాక పంపుహౌస్ గేటు లోపల కొత్తగా నీలం డ్రమ్ములు కనపడుతున్నాయట, వాటి మీద కాగితాలు చింపేసి ఉన్నాయట. ఫ్లోరైడ్ కలుపుతున్నారు, పళ్లకు మంచిదని చెప్పి ఊరందరి గొంతులూ పాడు చేస్తున్నారు అని తేల్చేసింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. మూడు రోజులు తన పాత చెక్కపెట్టె దించి, పన్నెండు కుళాయిల నీళ్లు పన్నెండు సీసాల్లో పట్టింది. నాలుగో రోజు నన్ను వెంటబెట్టుకుని పంపుహౌస్‌కు బయల్దేరింది.

అక్కడ ఉన్నది పంపుల మాస్టారు. ఇరవై ఆరేళ్లు అక్కతో కలిసి పని చేసిన మనిషి. మందు మోతాదు చూసేది ఆయనే. అక్క కుళాయి దగ్గర్నుంచి ఫోన్‌లో తిడితే వాల్వు తిప్పింది ఆయనే. అక్క వచ్చిందని లేచి నిలబడి, కుర్చీ తుడిచి వేశాడు. అక్క కూర్చోలేదు. పన్నెండు సీసాలూ బల్ల మీద వరసగా పెట్టి, ఏం కలుపుతున్నారో చెప్పమంది.

ఆయన తొందరపడలేదు. నీలం డ్రమ్ముల దగ్గరికి తీసుకెళ్లి చూపించాడు. పటికకు బదులు వాడే ద్రవం, బురద అడుగుకు దిగడానికి. వానలకు కాగితాలు ఊడిపోయాయి, చింపింది ఎవరూ కాదు. ఫ్లోరైడ్ కలిపే యంత్రం ఈ ఊళ్లో ఎప్పుడూ లేదు. రిజిస్టరు తెరిచి పెట్టాడు. బావి నీళ్లలో సహజంగా ఉండే ఫ్లోరైడ్ కూడా ఏడాదికి రెండుసార్లు చూస్తారు, లెక్క హద్దులోనే ఉంది. అక్క ప్రతి పేజీ వేలితో తడుముతూ చదివింది. సంతకాలు ఒకే పెన్నుతో ఎందుకున్నాయని అడిగింది. ఇక్కడ పెన్ను ఒక్కటే ఉంది గనక అన్నాడాయన. నాకు సిగ్గేసి కిటికీలోంచి బయటకు చూశాను.

చివరికి ఆయన రిజిస్టరు మూసి, ఇంతకీ పిట్టకు ఏమైందని అడిగాడు. నేను చెప్పాను. అయొడిన్ అన్న మాట వినగానే ఆయన ముఖం మారింది. ఇంట్లో ఉప్పు సంగతి ఏమిటన్నాడు.

అక్కకు కోపం వచ్చింది. "ఉప్పు మాటెత్తకండి. ఆ పొటాషియం మందు మా ఇంట్లో ఒక్క రవ్వ లేదు. మూడు నీళ్లు కడుగుతాను. చుక్క వేసి చూస్తాను. ఏడాదిగా జాడీలోకి ఎత్తిన ఉప్పులో ఒక్కనాడు కూడా నీలం రాలేదు."

గర్వంగానే చెప్పింది. మాస్టారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"అక్కా, కుళాయి దగ్గర పసుపు రాకపోతే మీరేం చేసేవారు?"

"మీకు ఫోన్ చేసేదాన్ని."

"ఎందుకు?"

"మందు లేదని. లేకపోతే జనం రోగాల పాలవుతారని."

"ఇదీ అంతే అక్కా. నీలం రాకపోతే కేకలెయ్యాలి."

అక్క ఏదో అనబోయింది. ఆయన ఆగమన్నట్టు చెయ్యెత్తాడు. ఆ గదిలో ఆయన ఆమెను ఆపడం నేను చూసింది అదొక్కసారే.

"మా తమ్ముణ్ని మీరు చూశారుగా. నాకు క్యారియర్ తెచ్చేవాడు. వాడికి మాటలు రావు, వినపడదు. మా అమ్మ గొంతు ఇంత ఉబ్బి ఉండేది. మా కొండ ఊళ్లో అప్పట్లో చాలామందికి అంతే. మా అమ్మకి ఈ ఉప్పు దొరకలేదక్కా. మీరు దొరికినదాన్ని కడిగేశారు."

ఆ తమ్ముణ్ని నేనూ ఎరుగుదును. గేటు దగ్గర క్యారియర్ పట్టుకుని నిలబడి, ఎవరు కనపడినా నవ్వేవాడు. అక్క వాడికి ఎప్పుడూ బిస్కెట్లు ఇచ్చేది. పుట్టుక లోపం అనుకున్నాం, ఎందుకని ఎప్పుడూ అడగలేదు. ఊరందరినీ ప్రశ్నలడిగే మా అక్క కూడా అది మాత్రం అడగలేదు.

ఆమె సీసాలు పెట్టెలో సర్దుకోలేదు. వాటిని బల్ల మీదే వదిలేసి బయటకు నడిచింది. దారిలో ఒక్కసారి ఆగి, మాస్టారు చెప్పింది నిజమేనంటావా అని అడిగింది. తన మీదికి రాకుండా తప్పు మన మీదికి తోస్తున్నాడేమో అని కూడా అంది. కానీ ఆ మాటలో బలం లేదు. నేను, నిజమేనక్కా అన్నాను. ఏడాది ఆలస్యంగా అన్నాను.

నేరుగా మేడ మెట్లెక్కింది. పిట్ట మంచం మీద పడుకుని ఉంది. అక్క కూర్చోకుండా, నిలబడే చెప్పింది. "నీళ్లు కాదు. బ్రెడ్డు కూడా కాదేమో. నేనే. నువ్వు తినే ఉప్పులోంచి అయొడిన్ నేనే కడిగేశాను." పిట్ట లేచి కూర్చుంది. తిట్టలేదు, ఏడవలేదు. వేళ్ల మీద నెలలు లెక్క వేసుకుని, మొదటిసారి కడుపు పోయినప్పుడు కూడా కడిగేదానివా అని అడిగింది. లేదు, అది జరిగాకే మొదలుపెట్టాను అంది అక్క. పిట్ట తల ఊపింది. నమ్మిందో లేదో నాకు తెలియలేదు. నేను పక్కనుంచి, నిజమేనే, నాకు తెలుసు అన్నాను. నా సాక్ష్యాన్ని కూడా అదే చూపుతో చూసింది.

నాలుగు రోజులకు మూత్ర పరీక్ష ఫలితం వచ్చింది. అయొడిన్ బాగా తక్కువ. డాక్టరమ్మ మమ్మల్ని కోప్పడింది, తర్వాత మెత్తబడి, ఇప్పటికైనా తెలిసింది, మాత్రలతో పూడ్చుకోవచ్చు, కానీ ఏమీ కాదని మాటివ్వలేను అంది. బ్రోమేట్ సంగతీ అడిగాను. అది తినకూడనిదే, కానీ అప్పట్లో వారానికి నాలుగు బ్రెడ్డు ముక్కల వల్ల ఇంత జరిగిందని తను అనుకోవడం లేదని, అసలు కారణం జాడీలోనే ఉందని చెప్పింది. నాకు కూడా పరీక్ష చేయించమంది. నాదీ తక్కువే వచ్చింది. మధ్యాహ్నం మిషన్ మీద తల వాల్చి కునుకు తీయడం వయసు వల్ల అనుకున్నాను ఇన్నాళ్లూ.

పిట్ట ఆ రోజు నుంచి మేడ మీద వేరే పొయ్యి పెట్టుకుంది. కింద వంటకు రాలేదు. అక్క రమ్మనలేదు. ఏడు నెలలకు పైగా ఆ ఇంట్లో రెండు వంటలు. నేను ఒకరోజు కిందా ఒకరోజు పైనా తినేదాన్ని, ఇద్దరికీ కోపం రాకుండా. అక్క నీళ్ల మూత తీయడం మానేసింది, పాల గురించి మాట్లాడటం మానేసింది. కూరగాయలు కడుగుతూ రెండో నీళ్ల దగ్గర ఆగిపోయి, గిన్నె పట్టుకుని అలాగే నిలబడేది. అది చూస్తే నాకు జాలి వేసేది, ఒళ్లు మండేది కూడా. ముప్పై ఏళ్లుగా ఊరిని జల్లెడ పట్టిన మనిషి తన చేతి మీద మాత్రం ఒక్క చుక్క వేసి చూసుకోలేదు.

ఆడపిల్ల పుట్టింది. మూడో రోజు, పాప థైరాయిడ్ ఎలా పని చేస్తోందో చూడటానికి మడమ మీద గుచ్చి, కాగితం మీద రక్తపు చుక్కలు తీసుకున్నారు. వారం తిరక్కుండా ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది, చుక్కలు సరిగ్గా ఇంకలేదు, మళ్లీ తీయాలని. ఆ మాట మేం ఒక్కరం కూడా నమ్మలేదు. ఏదో దాస్తున్నారని అల్లుడు కూడా అన్నాడు, జీవితంలో ఎవరినీ అనుమానించి ఎరగనివాడు. రెండోసారి ఫలితం వచ్చేదాకా అక్క అన్నం ముట్టలేదు. అంతా సరిగ్గా ఉందని కాగితం ఇచ్చారు. వినికిడి పరీక్ష కూడా చేశారు, పర్వాలేదన్నారు. అయినా నేను కొట్టు నుంచి వచ్చినప్పుడల్లా పాప వెనక నిలబడి చిటిక వేస్తాను. తల తిప్పుతుంది. ప్రతిసారీ తిప్పుతుంది, ప్రతిసారీ వేస్తాను.

పాపకు రెండో నెలలో పిట్టకు జ్వరం వచ్చింది. అల్లుడు దూరపు సర్వీసు మీద వెళ్లాడు. నాకేమో బడి పిల్లల దుస్తుల పని మెడ మీద ఉంది. మేడ మీద పొయ్యి వెలగలేదు. మధ్యాహ్నం నేను పాపను ఎత్తుకుని కూర్చున్నప్పుడు, అక్క పళ్లెం పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. పెద్దవాళ్లింట్లోకి వచ్చిన కొత్త మనిషిలా గుమ్మం దగ్గరే ఆగింది.

పిట్ట లేచి కూర్చుని, అన్నంలో వేలు పెట్టి, ఆగింది. అడగాలని ఉంది, అడగలేకపోతోంది. ఆ ముఖం చూస్తే తెలుస్తోంది.

"ఉప్పు వెయ్యలేదు" అంది అక్క. చంకలోంచి ప్యాకెట్ తీసి పళ్లెం పక్కన పెట్టింది. సీలు విప్పని ప్యాకెట్. "నువ్వే తెంపుకో. నువ్వే వేసుకో. నా చెయ్యి తగల్లేదు."

పిట్ట ప్యాకెట్ అటూ ఇటూ తిప్పి, వెనక సన్నటి అక్షరాలు చదివింది. మొదలునుంచి చివరిదాకా చదివింది. నేను పాప వీపు తడుముతూ చూస్తున్నాను. పిట్ట పంటితో మూల కొరికి తెంపి, ప్యాకెట్‌ను మళ్లీ వాళ్లమ్మ వైపు తోసింది.

"నాకు ఎప్పుడూ ఎక్కువైపోతుందమ్మా. నువ్వే వెయ్యి."

అక్క చెయ్యి తుడుచుకుంది. చిటికెడు తీసి వేసింది. కలిపి, ఇంకాస్త వేసింది. వేస్తున్నంతసేపూ పిట్ట ఆ చేతినే చూస్తూ కూర్చుంది.